బూటు అడుగు చూపించండి

షిమెనో పిన్ని అనగానే నాకు మొహం కంటే ముందు నడుము గుర్తొస్తుంది. పంతొమ్మిదేళ్లుగా, మంచు కరిగిన రోజు నుంచి మళ్లీ మంచు పడే రోజు దాకా, ఆవిడ మా సత్రం ముందు వంగే ఉంది. చిత్తడిలోకి వెళ్లే చెక్కబాట అక్కడే మొదలవుతుంది. మొదటి చెక్క ముందు మూడు ఆకుపచ్చ మ్యాట్లు, వాటి పక్కన రెండు బ్రష్‌లు, ఆ పక్కన ఈవిడ. వచ్చినవాళ్లకు పలకరింపు లేదు, నవ్వు లేదు. "బూటు అడుగు చూపించండి" అంటుంది, అంతే.

మూడు గంటలు బస్సులో ఊగి, ఇంకో గంట అడవి దారిలో దిగి, ఎట్టకేలకు మా కుమనుమ చిత్తడి కనపడగానే జనానికి కాళ్లు ఆగవు. ఎదురుగా చూపు ఆనినంత మేర పసుపు కిసుగే పూలు. సరిగ్గా అప్పుడే ఈవిడ అడ్డం పడుతుంది. ఒక కాలెత్తమంటుంది, బ్రష్‌తో రుద్దుతుంది, రెండో కాలెత్తమంటుంది. ప్యాంటు మడతలు విప్పి దులపమంటుంది. దారిలో బ్యాగు ఎక్కడైనా కింద పెట్టారా అని అడిగి, పెట్టామంటే దాని అడుగు కూడా తిప్పి చూస్తుంది. టోక్యో నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ జడ్జిగారిని సాక్సుల మీద నిలబెట్టి పది నిమిషాలు ఆయన బూట్లు తోమింది. కోర్టులో ఎంతమందిని నిలబెట్టాడో గానీ, ఆ పది నిమిషాలూ ఆయన చేతులు కట్టుకుని కదలకుండా నిలబడ్డాడు పాపం.

ఈ గొడవంతా ఓబాకో అనే కలుపు మొక్క గురించి. కింద ఊళ్లో ఏ దారి పక్కన చూసినా అదే. తొక్కేకొద్దీ బలుస్తుంది. దాని గింజకు తడి తగిలితే జిగురెక్కి బూటుకి అంటుకుంటుంది, బూటెక్కడికి పోతే అక్కడికి పోతుంది. చిత్తడిలో మొక్కలు ఏడాదంతా కష్టపడ్డా గోరంత పెరగవు. వాటి మధ్య ఓబాకో దిగిందంటే పసిపిల్లల పంక్తిలో పహిల్వాను వచ్చి కూర్చున్నట్టే. కాబట్టి మ్యాట్లు ఉండాల్సిందే, రుద్దాల్సిందే, కాదనను. కానీ దేనికైనా ఒక హద్దుంటుంది కదా!

నన్నూ వదలదు. గాలికి చెక్కబాట మీద పడిన నా టోపీ తెచ్చుకోవడానికి నాలుగడుగులు వేయబోయినా చేయి అడ్డం పెడుతుంది.

"నేను ఇక్కడే పుట్టాను పిన్నీ. ఈ బూట్లు ఊళ్లోకి దిగి నెల దాటింది."

"ఆ సంగతి గింజకి తెలీదు. కాలెత్తు."

ఈ అలవాటు ఇవాళ్టిది కాదు. ఊరి బడిలో ఆవిడ ముప్పై ఏళ్లు వంట చేసింది. పిల్లలు పళ్లెం పట్టుకుని వరసలో వస్తే, గరిటె ఎత్తే ముందు "చేతులు" అనేది. గోళ్లలో మట్టి కనపడిందా, వెనక్కి పోవాల్సిందే. ఏడ్చినా, చారు చల్లారినా వినేది కాదు. ఊళ్లో పాతికకీ అరవైకీ మధ్య ఉన్నవాళ్లలో ఆవిడకి గోళ్లు చూపించనివాళ్లు లేరు. నేనూ చూపించాను. పిల్లలు తగ్గిపోయి బడి మూసేసిన ఏడాదే ఆవిడ భర్త కూడా పోయాడు. ఆ వేసవిలో చిత్తడి కమిటీ వాళ్లు మ్యాట్లు చూసుకునే మనిషి కావాలంటే ముందుగా చెయ్యెత్తింది ఈవిడే. చేతులు పోయి కాళ్లొచ్చాయి, మిగతాదంతా మామూలే.

సీజనంతా మకాం మా సత్రంలోనే. మెట్ల పక్క గది ఆవిడదని మా నాన్న మాటిచ్చి పోయాడు, నేను అనుభవిస్తున్నాను. పొద్దున్నే వంటింట్లోకి వస్తుంది. ఉప్పటి సోయా ముద్దతో నేను కాచే మిసో చారు ఒక్క గుక్క తాగి, గిన్నె కింద పెట్టి "ఉప్పు" అంటుంది. ఎక్కువైందో తక్కువైందో చెప్పదు. ఆ ఒక్క మాటతో నేను మళ్లీ పొయ్యి దగ్గరికి పోవాలి. అతిథులు మడిచిపెట్టిన దుప్పట్లు విప్పి మళ్లీ మడుస్తుంది. స్నానాల గది ముందు చెప్పులు ఎవరైనా వంకరగా వదిలితే ఆ మనిషిని వెతికి పట్టుకుని మరీ చెబుతుంది. భోజనాల దగ్గర ముప్పైమంది ముందు "తజూ, నీ ఏప్రన్ ముడి ఊడిపోయింది" అని కేకేస్తుంది. నాకు యాభై ఏడేళ్లు. మా నాన్న కూడా నన్ను అంత గొంతుతో పిలిచింది లేదు.

పోనీ పూల మీద ప్రేమతో చేస్తోందా అంటే, ఆవిడ పూలకేసి చూడగా నేను చూడలేదు. వంద మైళ్ల నుంచి వచ్చిన ఒకావిడ ముచ్చటపడి "కిసుగేలు బాగా విచ్చాయాండీ?" అని అడిగింది. పిన్ని తలెత్తకుండానే "మీ ఎడమ బూటులో గడ్డి ఇరుక్కుంది" అంది. ఆ ముచ్చటంతా ఆవిడ మొహంలోనే ఆరిపోయింది. మర్నాడు మా సత్రంలో దిగాల్సిన ఆవిడ స్నేహితులు దక్షిణం వైపు పెద్ద సత్రానికి మారిపోయారు. నేను ఎవరితో చెప్పుకోను?

కిందటేడు జూలైలో అసలు గండం వచ్చింది. ఏటా విశ్వవిద్యాలయం నుంచి మొక్కలు లెక్కపెట్టడానికి వకత్సుకి అనే అమ్మాయి వస్తుంది. నెమ్మదస్తురాలు, మాట కూడా చెక్కబాట మీద నడిచినట్టు ఆచితూచి మాట్లాడుతుంది. ఆ సాయంత్రం మా భోజనాల బల్ల మీద తన పటం పరిచింది. ఉత్తరం బాటలో మూడొందల అడుగుల దూరాన కూర్చోవడానికి ఒక బల్ల ఉంది. దాని చుట్టూ ఓబాకో మొలిచింది. అంతకు రెండేళ్ల ముందు నాలుగు. మరుసటేడు అరవై. ఈసారి మూడొందలు దాటాయి.

"ఎక్కణ్ణుంచి వస్తున్నాయో తెలిస్తే దాన్ని ఆపితే సరిపోతుందండీ. తెలియకపోతే ఉత్తరం బాట అయిదేళ్లు మూయక తప్పదు. వచ్చే నెల కమిటీ మీటింగులో తేల్చాలి" అంది.

ఉత్తరం బాట అంటే మా సత్రం ముందు నుంచి పోయేది. అది మూస్తే బస్సు దిగినవాళ్లు మా వైపు తొంగి కూడా చూడరు. ఒక్కొక్క దూలం మా నాన్న వీపు మీద మోసుకొచ్చి కట్టిన ఇల్లది. అయిదు శీతాకాలాలు పొయ్యి వెలగకుండా, కప్పు మీద మంచు తోసే మనిషి లేకుండా ఉంటే కూలిపోతుంది.

మూలన ముల్లంగి ఊరగాయ నములుతున్న పిన్ని "మూసేయాల్సిందే" అంది.

"ఏమన్నావ్?"

"బల్ల దగ్గర కూర్చుంటారు, బూట్లు దులుపుకుంటారు, మొలుస్తాయి. నేను ఎంత రుద్దినా ఇంకా మోసుకొస్తున్నారంటే ఇక వాళ్లని రానివ్వకూడదు. మూసేయాలి."

"మూసేస్తే ఈ సత్రం ఏమవుతుంది పిన్నీ? నువ్వెక్కడుంటావు?"

"ఊళ్లో నా ఇల్లు నాకుంది. చిత్తడి ముందు, సత్రం తర్వాత. ఈ అన్నం కాస్త బిరుసుగా ఉంది."

నా అన్నం తింటూ, నా బల్ల దగ్గర కూర్చుని, నా ఇంటికి తాళం వేయించమంటోంది! వకత్సుకి పటం మడుచుకుని మెల్లగా తన గదిలోకి జారుకుంది. నేను గిన్నెలు కడిగిన చప్పుడు ఆ రోజు అడవిలో ఎలుగుబంట్లకు కూడా వినబడి ఉంటుంది.

మర్నాటి నుంచి, అతిథుల టిఫిన్లు అయ్యాక, చేతికి కమిటీ అనుమతి పట్టీ కట్టుకుని బల్ల దగ్గరికి పోయి ఓబాకో పీకడం మొదలుపెట్టాను. వచ్చినవాళ్లకి మ్యాటు దాటడానికి కాలెత్తమంటే ఎంత విసుగో నాకు తెలుసు గానీ, నేను మాత్రం నోరెత్తకుండా రోజూ రెండు కాళ్లూ ఎత్తాను. పీకడం అంటే లాగిపారేయడం కాదు. చెక్కబాట మీద బోర్లా పడుకుని, రెండు పళ్ల ముల్లుతో వేరు చుట్టూ గుచ్చి, పక్కనున్న నాచు కదలకుండా బయటికి తీయాలి. మోచేతుల దగ్గర చెక్క గుచ్చుకుంటుంది. వెనక నుంచి వచ్చే ప్రతివాడూ "నమస్కారమండీ" అంటాడు, పడుకునే జవాబు చెప్పాలి.

అయిదో రోజున ఒక మొక్క వేళ్లలో ఆకుపచ్చటి పోగు కనపడింది. గడ్డి అనుకుని లాగితే తెగలేదు. ప్లాస్టిక్. ఇంకో మొక్క తీశాను, అందులో రెండు పోగులు. పదిహేను మొక్కలు తీసేసరికి నా అరచేతిలో చిన్న కుచ్చు తయారైంది. ఆ రంగు నాకు కళ్లు మూసుకున్నా తెలుసు. మా గుమ్మం పక్కన మూడు మ్యాట్లకూ అవే పోగులు, పాతబడి రాలుతున్నాయి.

బూట్లకి ఒకటీ అరా అంటుకు రావచ్చు. కానీ ఇన్నెలా వస్తాయి? బల్ల వెనక చూశాను. దూదిగడ్డి మధ్య నుంచి బొటనవేలంత నీటి పాయ వస్తోంది. ఆ పాయ నాకు కొత్త. నడుము పట్టుకుని బాట మీదుగా దాన్ని చూపుతోనే వెనక్కి వెంబడించాను. పొట్టి వెదురు పొదల్లోకి దూరింది, మళ్లీ తేలింది, మళ్లీ దూరింది. చివరికి తేలింది మా సత్రం వెనక వాగులో. ఆ వాగు పడమటి లోయలోకి పోవాలి. మూడేళ్ల కిందటి తుపానుకి గట్టు తెగి, సగం నీళ్లు ఇటు మళ్లాయి. పొదల కింద కాబట్టి ఎవరి కంటా పడలేదు.

ఆ వాగు గట్టున ఒక రాయి, పక్కన దండెం. దండెం మీద రోజూ సాయంత్రం మూడు మ్యాట్లు తడితడిగా వేలాడుతుంటాయి.

మ్యాట్ల గురించి కమిటీ ఇచ్చిన కాగితం మా గోడ మీదే ఉంది. పొడిగా ఊడ్చాలి. ఊడ్చిన దుమ్ము సంచిలో కట్టి ఊళ్లోకి పంపి కాల్చాలి. మ్యాట్లు తడపకూడదు. పిన్ని మొదటి రెండూ ప్రాణం పోయినా తప్పదు. కానీ ఎంత ఊడ్చినా మట్టి మరక ఉండిపోతుంది కదా. పరాయి మనిషిని మరక మీద కాలు పెట్టమనడం ఎలాగ? ఇల్లు ఊడ్చిన చీపురుని కూడా కడిగి ఆరేసే ఊరు మాది. అందుకని ఊడ్చాక, శుభ్రంగా, రోజూ, వాగులో ముంచి కడిగేది. పోగుల మధ్య జిగురుతో పట్టుకుని ఉన్న గింజలన్నీ అప్పుడు వదిలేవి.

సంతోషించాలి నేను. కారణం దొరికింది, ఇల్లు నిలిచింది. కానీ ఆ రాయి మీద కూర్చుంటే సంతోషం రాలేదు, ఒళ్లు మండింది. తప్పు చేయడానికి ఆవిడకి ఇంకేమీ దొరకలేదా? ఇంకే తప్పైనా చేసి ఉంటే నేను పండగ చేసుకునేదాన్ని. దీన్ని ఆవిడకి ఏ మొహంతో చెప్పను?

సాయంత్రం మ్యాట్లు చంకన పెట్టుకుని వాగు వైపు పోతుంటే ఆపాను. చేతిలో కుచ్చు చూపించాను. ఎక్కడ దొరికిందో చెప్పాను.

"బూట్లకి అంటుకుని పోయుంటాయి" అంది.

"ఇన్నా?"

"ఈ మధ్య జనం ఎక్కువయ్యారు."

"పిన్నీ, ఆ వాగు తిరిగింది. నాతో రా, చూపిస్తాను."

"నాకు పనుంది."

"మ్యాట్లు కడగడమేగా ఆ పని! వద్దు. ఇవాళొక్క రోజు వద్దు. నీకు దణ్ణం పెడతాను, రా."

వచ్చింది. వచ్చే ముందు తన బూట్లు తను రుద్దుకుంది, నావి రుద్దింది. రెండు చెక్కల బాట మీద నేను విసురుగా ఎడమ చెక్క మీద నడుస్తుంటే "కుడి" అంది. ఎదురుగా ఒక్క పురుగు లేదు, అయినా కుడికి మారాను. నీటి పాయ కనపడిన ప్రతిచోటా ఆగి వేలు పెట్టి చూపించాను. నేలకంటుకుని ఎర్రటి జిగురు వెంట్రుకలతో పురుగుల్ని పట్టే చిన్న మొక్కలు బాట పక్కన పరిచినట్టు ఉన్నాయి. వాటిని మాత్రం పిన్ని ఒకసారి చూసింది. బల్ల దగ్గరికి వచ్చాక మోకాళ్ల మీద కూలబడి, ఒక ఓబాకోని నా ముల్లుతో తనే తీసి, వేళ్లు నీళ్లలో జాడించింది. ఆకుపచ్చ పోగు బయటపడింది.

దాన్ని వేళ్ల మధ్య నలిపి చూసింది. తర్వాత "నావే" అంది.

"తుపాను వల్ల..."

"నావే తజూ. తడపొద్దని రాసుంది. నేను చదివాను."

మర్నాడు పొద్దున వంటింట్లోకి వచ్చి నా చారు గిన్నె మొత్తం తాగింది. ఉప్పు మాట ఎత్తలేదు. నాకు భయమేసి నేను కూడా తాగి చూశాను. ఉప్పు కషాయంలా ఉంది, హడావిడిలో రెండుసార్లు మిసో వేశాను. "పిన్నీ, ఉప్పెక్కువైంది కదా" అంటే "బానే ఉంది" అంది. మ్యాట్ల దగ్గర కూడా అంతే. జనం తమంతట తామే బూట్లు రుద్దుకుని పోతుంటే పక్కకి తప్పుకుని నిలబడుతోంది. ఒకడు రుద్దుకోకుండానే పోయాడు, నేను పరిగెత్తి పట్టుకోవాల్సి వచ్చింది. పంతొమ్మిదేళ్లు ఈ మనిషి నోరు మూతబడితే చాలనుకున్నదాన్ని, పది రోజుల్లో నాకు పిచ్చెక్కిపోయింది.

మీటింగు ఊరి హాల్లో. మూసేసిన బడే ఇప్పుడు ఊరి హాలు. కమిటీలో ఏడుగురు. కమిటీ పెద్ద ఎయ్‌కిచి, తపాలా పని చేసే మనిషి, యాభైకి దగ్గర పడ్డాడు. తక్కినవాళ్లూ ఆ వయసువాళ్లే. అందరూ ఆ గదుల్లోనే గోళ్లు చూపించి ఆవిడ చేతి చారు తాగిన పిల్లలు. వకత్సుకి గోడ పక్కన కూర్చుంది. పిన్ని పెద్ద సందర్భాలకి వేసుకునే నల్ల బట్టలు వేసుకుని వచ్చింది. ఎజెండాలో ఓబాకో మాట రాగానే లేచి నిలబడింది.

"మ్యాట్లు తడపొద్దని నియమం. నేను రోజూ వాగులో కడిగాను. గింజలు వాగులో కొట్టుకుపోయి బల్ల దగ్గర మొలిచాయి. వేరే ఎవరి తప్పూ లేదు. నాదే" అంది.

ఏడుగురూ పళ్ల సందుల్లోంచి గాలి పీల్చారు. ఎయ్‌కిచి తల ఒక పక్కకి వాల్చాడు. అలా వాల్చాడంటే ఇక ఆ మాట ముందుకు పోదని మా ఊళ్లో అందరికీ తెలుసు.

"అబ్బే, అంత మాటెందుకండీ షిమెనో గారూ."

"తుపానుకి వాగు తిరిగితే మీరేం చేస్తారు?" అన్నాడు ఇంకొకడు.

"మీరే లేకపోతే ఇంకెన్ని మొలిచేవో."

"వయసులో ఉన్నవాళ్లం మేం చూసుకోవాల్సింది."

"ఎవరైనా ఆవిడకి టీ పోయండమ్మా."

ఎయ్‌కిచి పెన్ను తీశాడు. "ఇలా రాసుకుందాం. 'కారణం స్పష్టంగా తెలియరాలేదు.' అందరికీ సమ్మతమేగా?"

ఏడు తలలూ ఊగాయి. వాగు అని రాస్తే మ్యాట్లని రాయాలి, మ్యాట్లంటే ఆవిడ పేరు రాయాలి. తమకి అన్నం పెట్టిన చేతిని తప్పుల పుస్తకంలో ఎక్కించడానికి ఒక్కడికీ మనసొప్పలేదు. ఎంత మర్యాద! ఆ మర్యాద ముందు నా ఇల్లు ఎంత? వకత్సుకి నా వైపు ఒకసారి చూసి కాగితాల్లోకి తల దించుకుంది. చిన్నపిల్ల, పై ఊరి మనిషి, ఆ గదిలో నోరెత్తలేదు.

"కారణం తెలియలేదు కాబట్టి, ముందుజాగ్రత్తగా ఉత్తరం బాట..." అని ఎయ్‌కిచి మొదలుపెట్టాడు.

"నేను చేశానని చెప్తున్నాను కదరా ఎయ్‌కిచీ" అంది పిన్ని.

"సరేనండీ, సరేనండీ. ముందు కూర్చోండి. అలిసిపోయారు."

జ్వరం వచ్చిన మనిషిని పడుకోబెట్టే గొంతుతో అన్నాడు. పిన్ని కూర్చోలేదు. కుర్చీ వీపు గట్టిగా పట్టుకుంది. ఆవిడ భయపడగా చూడటం నాకదే మొదటిసారి. తను పట్టిన పట్టు, చేసిన పని, చివరికి చేసిన తప్పు కూడా, ఏదీ లెక్కలోకి రాదని వాళ్లు టీ పోసి మరీ చెబుతున్నారు. ఆవిడ ఒక్కొక్కరి మొహం వంకా చూసింది. ఒక్కడూ కళ్లు కలపలేదు.

నేను లేచాను. సత్రం కోసమా అంటే, మీటింగుకి వచ్చింది అందుకే. కానీ లేచినప్పుడు నాకు సత్రం గుర్తులేదు.

"బుద్ధుందా పిన్నీ నీకు?" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినపడింది. టీ పోస్తున్న మనిషి చేయి గాల్లోనే ఆగిపోయింది.

"గోడ మీద కాగితం ఉంది. పెద్దక్షరాలతో ఉంది. మూడే మూడు ముక్కలు! జడ్జిని సాక్సుల మీద నిలబెట్టావే, ఆ మూడో ముక్క నీకు పనికిరాదా? నియమం మాకు, నీకు కాదా? మరక కనపడితే ప్రాణం పోతుందా? ఇన్నేళ్లూ ఊరందరి కాళ్లూ చూశావు, నువ్వు పారబోసిన నీళ్లు ఎటు పోతున్నాయో ఒక్కరోజు చూశావా? చూడవు! ఎందుకంటే నీ పని శుభ్రమని నీకు గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే మూడేళ్లు చిత్తడిలో చేతులారా కలుపు చల్లావు. పైగా జనం తెస్తున్నారని బాట మూసేయమన్నావు! నా అన్నం తింటూ అన్నావు! వెయ్యి మంది బూట్ల మీద వేసిన నింద నీది, తెలుసా? రోజూ ఆ తడి మ్యాట్లు దండెం మీద చూస్తూ, అబ్బ ఎంత శుభ్రమో అని మురిసిన నా బుద్ధి కూడా గడ్డి తింది. అది కూడా రాయండి ఎయ్‌కిచి గారూ. కానీ చేసింది ఈవిడ. ఈవిడే చేసింది!"

ఇంకా చాలా అన్నాను. చారు సంగతి, ఏప్రన్ సంగతి, దక్షిణం సత్రానికి పోయిన ఆడవాళ్ల సంగతి కూడా వచ్చేశాయి. వాటికీ ఓబాకోకీ ఏ సంబంధమూ లేదు, అయినా ఎవరూ ఆపలేదు. ఆపడానికి ఒక్కడికీ ఊపిరాడటం లేదు.

పిన్ని కుర్చీ వదిలేసింది. నిటారుగా నిలబడి, చేతులు రెండు పక్కలా ఆనించి, కన్ను ఆర్పకుండా నా కళ్లలోకి చూస్తూ అంతా విన్నది. నాకు మాటలు అయిపోయాక, నా వైపు కాదు, కమిటీ వైపు తిరిగి, తల బల్ల ఎత్తుకి వచ్చేదాకా నడుం వంచింది.

"తప్పయింది. క్షమించండి" అంది. అలాగే వంగి ఉండిపోయింది.

ఏడుగురూ ఒక్కసారిగా లేచి తిరిగి నడుములు వంచారు. వంచక తప్పదు. మా ఊళ్లో సభలో క్షమాపణ చెప్పుకుంటే దాన్ని పుస్తకంలో ఎక్కించాలి, తాతల నాటి నుంచి అదే పద్ధతి. ఎక్కించాలంటే దేనికి క్షమాపణో రాయాలి. ఎయ్‌కిచి ముక్కు తుడుచుకుంటూ "కారణం" అన్న మాట వరకు ఉంచి మిగతాది కొట్టేశాడు. మ్యాట్లు రాశాడు, వాగు రాశాడు, ఆవిడ పేరు రాశాడు, దాని కింద నా పేరు కూడా రాశాడు. ఆ తర్వాత వకత్సుకి లేచి మాట్లాడింది. గట్టు కట్టి వాగుని మళ్లించాలి, మ్యాట్లు పొడిగానే ఉంచాలి, బల్ల దగ్గర మూడేళ్లు పీకాలి, బాట మూయనవసరం లేదు. అయిదు నిమిషాల్లో తేలిపోయింది.

బయటికి వస్తే పిన్ని గుమ్మం మెట్టు మీద కూర్చుని బూట్లు వేసుకుంటోంది. డెబ్బై ఆరేళ్ల మనిషిని ఊరందరి ముందు కడిగేశాను. వెళ్లి పక్కన నిలబడ్డాను.

"తజూ" అంది, తాడు ముడి వేస్తూ.

"ఏంటి పిన్నీ?"

"సబ్బు సంగతి చెప్పలేదు నేను."

"ఏం సబ్బు?"

"నిరుడు వానలకి మ్యాట్లు బూజు పట్టాయి. రెండుసార్లు సబ్బు వేసి కడిగాను. వాగులోనే. లోపల చెప్పాలనుకున్నా. నోరు రాలేదు."

సబ్బు! చిత్తడిలోకి సబ్బు! మా సత్రంలో అతిథుల్ని పళ్లు తోముకోవడానికి పేస్టు కూడా వాడనివ్వం.

ఆవిడ వేసుకున్న బూట్లు విప్పి పక్కన పెట్టి, లేచి నిలబడింది.

"మా ఆయన పోయాక నన్నెవరూ తిట్టలేదే. ఏం చేసినా అబ్బే అంటారు, టీ పోస్తారు" అంది. "దీనికి కూడా తిట్టు, కానివ్వు. అయ్యాక లోపలికెళ్లి ఇది కూడా రాయిద్దాం."

మళ్లీ అలాగే నిటారుగా, చేతులు పక్కలకి ఆనించి, నా కళ్లలోకి చూస్తూ నిలబడింది. నేను మొదలుపెట్టాను. సగంలో ఏడుపొచ్చింది, అయినా ఆపలేదు.